ఓక్ మొక్కకి చలి కావాలి

సాత్వికా,

కిచెనర్ ఊళ్లో కొత్త జాబ్‌కి వెళ్లిపోతున్నా, నిద్ర లేపబుద్ధి కాలేదు. ఓక్ మొక్కని మళ్లీ హీటర్ పక్కకి తేకు. చలికాలంలో ఇంట్లో ఉండాల్సింది కరివేపాకు ఒక్కటే. ఓక్‌ని వెచ్చగా ఉంచితే చచ్చిపోతుంది. కుండీ కంచె దగ్గర పెట్టి, చుట్టూ ఎండుటాకులు కప్పాను. దాని ఆకుల అంచులు గుండ్రంగా ఉన్నాయి, మొనలు లేవు. అంటే రెడ్ ఓక్ కాదు, బర్ ఓక్. స్ప్రింగ్‌లో యార్డులో నాటు, ఓనర్ ఆంటీని అడిగాను. అది నీడనిచ్చేసరికి మనం ఎక్కడుంటామో!

మొక్కకి చలేస్తుందని నువ్వు లోపలికి తెస్తే నవ్వాను. కొత్తలో ఈ బేస్‌మెంట్ చలికి నువ్వు ఏడుస్తుంటే, "అలవాటైపోతుందిలే" అని అటు తిరిగి పడుకున్నాను.

అమృతక్క

తలుపు వెనక నా మందపాటి జాకెట్ ఉంది, వేసుకో. నువ్వేం ఓక్ చెట్టువి కాదు కదే.