బదిలీ మీద వెళ్తున్న ఆఫీసరుగారి గ్రైండర్

రాయగడ,
4-9-2024.

లక్ష్మీపూర్‌లో ఉంటున్న మా బావ హరికి, బామ్మర్ది మల్లేశు దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నామని రాయడం పద్ధతి కనక రాస్తున్నాను. అక్క, నా మేనకోడలు లిప్సా, నువ్వు బాగుండాలని మాత్రం పద్ధతి కోసం రాయడం లేదు.

ఫోన్ చేస్తే నా నంబరు నువ్వు ఎత్తవు. అక్క ఎత్తినా ఒక్క ముక్క మాట్లాడకుండా పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం. ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాణ్ణి, అదీ ఒడియా బడి. తెలుగు అక్షరాలు అమ్మమ్మ పెట్టిన భిక్ష. తప్పులుంటే అక్క సర్దుకుని చదువుతుందిలే. చింపెయ్యకు, బావా. మన గ్రైండర్ కనబడింది.

అదే, రెండేళ్ల కిందట మన వంటింట్లోంచి మాయమైన గ్రైండర్. అమ్మా అక్కా పిల్లని తీసుకుని మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లి వచ్చేసరికి లేదు. స్టాండు నువ్వే వెల్డింగ్ చేశావు, నువ్వే నేలకి నాలుగు బోల్టులు బిగించావు. ఆ నాలుగూ ఎవడో పానా పెట్టి శుభ్రంగా విప్పుకుపోయాడు. అప్పుడు నువ్వు మాతోనే ఉండేవాడివి, పానా ఉన్నది నీ పెట్టెలో. ఇంకేముంది, ఇవి ఇప్పడం ఎల్డింగోడికి కాక ఎవుడికి సేతనవుతాది అని అమ్మ వీధంతా వినేలా అంది. నువ్వు ఒక్క మాట తిరిగి అనలేదు. అక్కనీ పిల్లనీ తీసుకుని లక్ష్మీపూర్ బస్సెక్కేశావు. మళ్లీ మా గడప తొక్కలేదు. ఆ రోజు నేను గుణుపురంలో ఉండిపోయాను గానీ, లేకపోతే అమ్మ నోరు మూయించేవాణ్ణి.

ఎలా కనబడిందో చెప్తాను. నా పని సంగతి నువ్వు వినే ఉంటావు, వారపత్రికకి చిన్న ప్రకటనలు పోగుచేస్తాను. బండి మీద కొరాపుట్, సెమిలిగుడ, ఒక్కోసారి మాచ్‌ఖండ్ కాలనీ దాకా తిరుగుతాను. పాత మంచం అమ్మాలన్నా, దున్నపోతు తప్పిపోయినా, అద్దెకి గది ఉన్నా నా చేతికే చీటీ ఇస్తారు. ఇటువైపు జనానికి ఒక పిచ్చి ఉంది. ఆఫీసరు బదిలీ అయి వెళ్తూ అమ్మే సామానంటే కళ్లు మూసుకుని కొంటారు. బిల్లుతో కొన్నదై ఉంటుంది, పనివాళ్లు తుడిచి పెట్టి ఉంటారు, దొంగసొత్తు అయ్యే సమస్యే లేదు అని వాళ్ల లెక్క. అందుకని అమ్మే ప్రతివాడూ బదిలీ మీద వెళ్తున్న ఆఫీసరుగారిది అని రాయమంటాడు. నేనూ రాస్తాను. మా పేపర్లో వారానికి పదిమంది ఆఫీసర్లు ఊరొదిలి వెళ్లిపోతున్నారు. చేపల బుట్టకి కూడా ఆఫీసరు ఉన్నాడు.

మొన్న సెమిలిగుడ నుంచి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపిన చీటీ ఒకటి వచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. పది లీటర్ల గ్రైండర్, ఇనప స్టాండుతో సహా అమ్మబడును. బదిలీ మీద వెళ్తున్న ఆఫీసరుగారిది. గుడ్డ తగిలించుకోవడానికి స్టాండుకి కొక్కెం కూడా కలదు.

బావా, గ్రైండర్ స్టాండుకి కొక్కెం ఏ కంపెనీ పెడుతుంది? అమ్మ గుడ్డ కింద పడిపోతోందని నువ్వు అతికావు గుర్తుందా? ఆ అమ్మేవాడి పేరు గణపతిరావు, జంక్షన్‌లో లారీవాళ్ల హోటలట. పేరు చూస్తే పెద్దమనిషిలా ఉన్నాడు. అలాంటివాళ్లనే నమ్మకూడదు.

కొనేవాడిలా వెళ్లి చూసొస్తాను. అమ్మకి ఇంకా చెప్పలేదు. నీ మీద పడ్డ మాట తుడిచేస్తాను, చూస్తూ ఉండు.

నీ బామ్మర్ది,
మల్లేశు.

రాయగడ,
18-9-2024.

బావకి మల్లేశు మళ్లీ దండాలు పెట్టి రాస్తున్నది. ముందు ఉత్తరానికి జవాబు లేదు. చింపేశావో, దాచుకున్నావో, పోస్టు మనిషే మింగేశాడో తెలీదు. ఈ మధ్య నాకు పోస్టు మనిషి మీద కూడా అనుమానంగానే ఉంది.

సెమిలిగుడ వెళ్లాను. గణపతిరావు లావుపాటి మనిషి, గల్లాపెట్టె దగ్గర కూర్చుని విసనకర్రతో ఈగల్ని తోలుకుంటున్నాడు. గ్రైండర్ చూపించండి అంటే వెనక్కి తీసుకెళ్లాడు. మనదే. పూసలు గుచ్చినట్టుండే నీ అతుకు నేను గుర్తుపట్టలేనా? డ్రమ్ము మీద సొట్ట అలాగే ఉంది. కొక్కేనికి ఎవరిదో ఎర్ర గుడ్డ వేలాడుతోంది.

ఏ ఆఫీసరుదండీ ఇది అని అడిగాను. ఏ ఆఫీసరయితేటి బాబూ, పేపర్లో పడింది సూసి కొన్నాను, పేపరోడు అబద్ధం రాస్తాడేటి అన్నాడు. మరి ఇప్పుడు మీరూ ఆఫీసరుదనే అమ్ముతున్నారే అంటే నవ్వాడు. ఆఫీసరు సామాను ఎప్పుడూ ఆఫీసరు సామానే, సేతులు మారితే ఆఫీసరు అరిగిపోతాడేటి అన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. బిల్లు చూపించమంటే, నువ్వేటి పోలీసోడివా, ఇడ్లీలోడివా అన్నాడు. దొంగసొత్తు కొన్నవాళ్లు కాకపోతే బిల్లడిగితే అంత ఎగరడం ఎందుకు?

ఇంకోటి. మాట్లాడినంతసేపూ నా మొహంలోకి అదే పనిగా చూశాడు. నిన్నెక్కడో సూసేను బాబూ అన్నాడు. నాది అలాంటి మొహమేలెండి, అందరూ ఎక్కడో చూశామనే అంటారు అని తప్పించుకున్నాను. ఎవరు తెచ్చి ఇచ్చారు అంటే కాసేపు గొణిగి చెప్పాడు. రాయగడ బస్టాండ్ దగ్గర ఒక ముసలి రిక్షావాడు ట్రాలీ మీద తెచ్చి దింపాడట.

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. గ్రైండర్ సెమిలిగుడలో ఉంది, ఎవరో ముసలి రిక్షావాడు పట్టుకుపోయి అమ్మాడు, బావ కాదు అని. అమ్మ పప్పు కడుగుతోంది. చేతులు గిన్నెలోనే ఉండిపోయాయి. ఓలమ్మో, ఉత్తిపున్నేనికి అల్లుణ్ణి అనీసినాన్రా, అమ్మిని ఊరు దాటించీసినాన్రా అని అలాగే గోడకి జారగిలబడింది. మనవరాలు నన్ను గుర్తుపడతాదేటి అని అడిగింది. నీకు ఇది రాయాలనే ఉత్తరం మొదలుపెట్టాను. నీ మీద ఉన్న మాట పోయింది, బావా. అక్కడితో అయిపోతుందనుకున్నాను.

అయిపోలేదు. కాసేపటికి అమ్మ లేచి కూర్చుని, ఏ ముసిలోడు అంది. నాకేం తెలుసు అన్నాను. ఈ ఊర్లో ఇప్పుడు ట్రాలీ తొక్కే ముసిలోళ్లు ఎంతమందున్నార్రా, అందరూ ఆటోలు ఎక్కీసినారు, మిగిలినోడు మన దాలయ్య ఒక్కడే కదా అంది. నేను కాదనలేదు. ఔననీ అనలేదు.

దాలయ్యని నువ్వు మర్చిపోయి ఉండవు. మున్సిపాలిటీ గేటు పక్కన అమ్మ ఇడ్లీ బుట్ట దించగానే మొదటి బేరం ఆయనదే. మర్నాడు కూడా వచ్చి ఆకు పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఇడ్లీ పెట్టి, చట్నీ పోసి, ఏటి దాలయ్యా, పొద్దున్నే నా ఇడ్లీ తినీసి నా గ్రైండరే ఎత్తుకుపోనావా, నీకు అరుగుదల బాగుందిలే అంది. గుమాస్తాలు, ఊడ్చేవాళ్లు అందరూ అటే తిరిగారు. దాలయ్య నోట్లో ముక్క నోట్లోనే ఉంది. మెల్లగా నమిలి మింగి, ఆకు మీంచి నా వైపు చూశాడు. నేను నీళ్ల బిందె సర్దుతున్నాను.

మోసేనేమో అప్పమ్మా, రోజుకి ఎన్ని మొయ్యను అన్నాడు. అయితే ఎక్కించినోడి పేరు సెప్పు అంది అమ్మ. పెద్దోణ్ణయిపోనాను, గుర్తు నేదు అన్నాడు. నీ సొంతానికే ఎత్తుకుపోయుంటావు, పేరుంటే కదా సెప్పడానికి అంది. అలగే అనుకోమ్మా అని, సగం ఇడ్లీ వదిలేసి చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

నాకు అనుమానం అక్కడే, బావా. గుర్తు లేనివాడు నా వైపు ఎందుకు చూడాలి? తప్పు చెయ్యనివాడు కాదని గట్టిగా అరవాలి కదా? నువ్వూ అరవలేదనుకో, నీ సంగతి వేరు, నువ్వు రోషగాడివి.

అప్పటి నుంచి బియ్యం కొట్లవాళ్లు దాలయ్యకి మూటలు వెయ్యడం మానేశారు. మా పేటలో ఏ మాటైనా పొయ్యిలో అన్నం ఉడికేలోపు ఊరంతా తిరిగొస్తుంది. వారం దాటింది, ట్రాలీ ఖాళీగా పోస్టాఫీసు గోడకి ఆనించి ఉంటోంది. ఆయన ఇడ్లీకి రావడం లేదు. అమ్మ రోజూ మొదటి ఆకు వేసి, గుర్తొచ్చి, తిట్టుకుంటూ తీసేస్తోంది. సోమవారం స్టేషన్‌కి వెళ్లి కేసు పెడతానంటోంది. సాక్షిగా నన్ను రమ్మంటోంది. పోలీసులతో పెట్టుకోకే, పోయింది ఎలాగూ పోయింది అని ఎంత చెప్పినా వినదు. దొంగోణ్ణి ఎనకేసుకొస్తావేట్రా అని నా మీదే లేస్తోంది.

అవన్నీ ఎందుకులే. నువ్వు మచ్చలేనివాడివని తేలింది, మనకి కావలసింది అదే. నువ్వూ అక్కా పిల్లని తీసుకుని ఒకసారి రండి. అమ్మ మీ కాళ్లు పట్టుకునేలా ఉంది. పాత మాటలు తవ్వుకోవద్దు. అక్కకి నా తరఫున చెప్పు, లిప్సాకి ముద్దు.

ఎప్పటికీ నీవాడే అయిన
మల్లేశు.

తా.క. (లక్ష్మీపూర్, 19వ తారీకు)

పైన ఉన్నదంతా నిన్న రాసి, మడిచి, పోస్టు డబ్బా దాకా వెళ్లాను. పక్కనే ట్రాలీ. దాని మీద కాళ్లు ముడుచుకుని దాలయ్య కూర్చున్నాడు. ఎవుడికిరా ఉత్తరం అన్నాడు. బావకి అన్నాను. నిజం రాసేవేటి అన్నాడు. నా చెయ్యి డబ్బాలోకి వెళ్లలేదు.

గ్రైండర్ అమ్మింది నేనే, బావా.

గుణుపురం వెళ్లలేదు. మీరంతా బయటికి వెళ్లాక నీ పెట్టెలోంచి పానా తీసి బోల్టులు విప్పి, దాలయ్య ట్రాలీ మీదే బస్టాండ్‌కి చేర్పించాను. బదిలీ మీద వెళ్తున్న ఆఫీసరుగారిది అని నా చేత్తో నేను రాసిన మొట్టమొదటి ప్రకటన అదే. పేపరువాళ్లు ఏజెన్సీకి డిపాజిట్ అడిగారు. ఒకచోట కుదురుగా ఉండనివాడికి అప్పు ఎవరిస్తారు? రెండు నెలల్లో కొత్తది కొని తెచ్చి అమ్మని ఆశ్చర్యపెడదామనుకున్నాను. ఈలోగా అమ్మ నీ పేరెత్తింది. ఆ రోజే ఇంటికొచ్చి నోరు తెరిస్తే సరిపోయేది. తెరవలేదు. మర్నాడు ఇంకా కష్టమైంది. మీ బస్సు వెళ్లిపోయాక ఇక కుదరనే లేదు.

గణపతిరావు ఆ రోజు చూసింది ముసలాయన్ని ఒక్కణ్ణే కాదు. పక్కన మాస్కు పెట్టుకున్న ఆఫీసరుగారి మనిషి కూడా ఉన్నాడని చెప్పాడు, ఆ మాస్కు నాదే. అది నేను అమ్మకీ చెప్పలేదు, నీకూ రాయలేదు. పేరు లేని ఒక దొంగని తయారుచేసి నిన్ను విడిపిద్దామనుకున్నాను. అమ్మ వాడికి దాలయ్య మొహం పెట్టేసింది.

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను. ఆ రోజు సెప్తే ఆ తల్లికి కొడుకు నేకుండా పోతాడు, అల్లుడంటావా, కోపం తగ్గితే వస్తాడు అనుకున్నాను, రెండేళ్లు పడతాదని ఎవుడికి తెల్సురా అన్నాడు. మరి మొన్న గేటు దగ్గరైనా చెప్పాల్సింది కదా అంటే, నువ్వు సెప్తావేమోనని సూసేను అన్నాడు.

పొద్దున్న బస్సుకి ఇద్దరం వచ్చాం. ఒక్కడినే వెళ్తానంటే ఒప్పుకోలేదు. దారిలో ఎక్కడో దిగిపోతావు, నీ సంగతి నాకు తెల్దేటి అని దారిపొడుగునా నా చొక్కా పట్టుకునే కూర్చున్నాడు. సాయంత్రం తిరుగు బస్సుకి నువ్వు వస్తానంటే నీ వెనకాలే వస్తాను, రానంటే ఆయనతో వెళ్తాను. ఎలాగైనా రేపు పొద్దున్న మున్సిపాలిటీ గేటు దగ్గర, అందరూ ఉండగా, అమ్మకి నా నోటితో చెప్తాను.

నీ షాపు ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఇది రాస్తున్నాను. నువ్వు అద్దం అడ్డం పెట్టుకుని గేటుకేదో అతుకుతున్నావు, మమ్మల్ని చూడలేదు. ఉత్తరం దాలయ్యే తెచ్చి ఇస్తాడు. తను రోడ్డు దాటేలోపు నేను పారిపోతానని ఆయనకి గట్టి అనుమానం. ఆయన చంకలో ఉన్న చెప్పులు నావే, బావా. ఇక్కడ ఒట్టి కాళ్లతో నిలబడి ఉన్నాను.