పన్నెండు సమాధులలో పదకొండు అబద్ధమని మనవి

గౌరవనీయులైన మండల తహశీల్దారు గారి సముఖమునకు,

ఎగువబండపల్లి గ్రామ కాపురస్తుడు, దర్జీ పనితో జీవించు పుల్లన్న, తిప్పేష్ అభిమాన సంఘం అధ్యక్షుడు, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ ఫుట్‌బాల్ బయలును శ్మశానముగా మేమే వ్రాయించుకొన్న తప్పును రద్దు చేసి, అందులోని ఒక్క నిజమైన సమాధిని కదల్చకుండా, బయలును మరల బయలుగా నమోదు చేయుట గురించి.

సూచిక: ఇదే బయలు గురించి ఇదే చేతివ్రాతతో గత సంవత్సరము నేను సమర్పించిన అర్జీ. అందులో ఊరి పేరు, తేదీ తప్ప తక్కినదంతా అబద్ధము.

1. మా గ్రామమునకు ఉత్తరాన నాలుగు ఎకరాల ప్రభుత్వ బంజరు కలదు. గులకరాళ్ళ నేల, అందులో కంది కూడా మొలవదు. ముప్పై ఏండ్లుగా మా పిల్లలు అక్కడే ఫుట్‌బాల్ ఆడుచున్నారు. నాలుగు నీలగిరి కొయ్యలు పాతి గోలు స్తంభములు మేమే చేసుకొన్నాము. సర్కారు వారు మాకు ఇచ్చిన వినోదము అదొక్కటే అని వ్రాయబోయినాను. అదియును ఇవ్వలేదు, మేమే తీసుకొన్నాము.

2. తమరు బదిలీపై వచ్చినది ఇటీవలనే గనుక తిప్పేష్ ఎవరో తమకు తెలియకపోవచ్చును. గొర్రెలు కాచుకొని బ్రతుకు కదిరమ్మ అను ఆమెకు ఒక్కడే కుమారుడు. తండ్రి వాని చిన్నతనములోనే పోయినాడు. పదిహేనేండ్ల వరకు వట్టి కాళ్ళతో ఆడినాడు. తరువాత జిల్లా జట్టు, ఆ తరువాత రాష్ట్ర జట్టు. బస్సు రాని మా ఊరికి వాని ఆట చూచుటకు చిలమత్తూరు నుండి లారీ మాట్లాడుకొని వచ్చినారు. పెండ్లి పత్రికల మీద వాని ఫోటో వేయించుకొన్నవారు మా మండలములో ఇద్దరు కలరు. ఫుట్‌బాల్ అనగానేమో తెలియని ముసలమ్మలు సైతము వాడు బంతి అందుకొన్నచో లేచి నిలబడెడివారు. వానికి ఇరవైనాలుగు ఏండ్లు నిండలేదు.

3. ది. 14-05-2022న మా బయలులోనే విడపనకల్లు జట్టుతో ఫైనలు. ఉదయము తొమ్మిదికి మొదలు కావలసినది, ముఖ్య అతిథి గారు పన్నెండున్నరకు విచ్చేసినారు. వారి పేరు వ్రాయను, వ్రాసి ఏమి ప్రయోజనము? వారు మాట్లాడి, బంతిని కాలితో తాకి, ఫోటో దిగి వెళ్ళిన తరువాత ఆ ఎండలో ఆట మొదలైనది. ఇక్కడి నుండి వ్రాయునది ఈ అర్జీకి అవసరము లేదు. అయినను వ్రాయుచున్నాను. నేను ఆ జట్టు కోచ్‌ను. సగము ఆట కాగానే వాడు నా దగ్గరకు వచ్చి, "మామా, కండ్లకు చీకట్లు కమ్ముతాండాయి. కూచుంటా" అన్నాడు. "ఇంత జనం నిన్ను చూసేకే వచ్చినారు రా. ఇంక కొంచేపే, ఓర్చుకో" అని నేనే పంపించినాను. వాడు పోయినాడు. గోలు వేసినాడు. వేసి, అక్కడే మోకాళ్ళ మీద కూర్చొని, తరువాత పక్కకు ఒరిగినాడు. మేము అది సంతోషము అనుకొన్నాము. పటాకులు కాల్చినాము, ఈలలు వేసినాము, వాని మీద రంగులు చల్లినాము. ఎంతసేపు చల్లినామో ఎవరికీ జ్ఞాపకము లేదు. ఆసుపత్రిలో డాక్టరు వాని ముఖము మీది రంగు తుడిచి, ఎప్పుడో పోయినాడని చెప్పినాడు.

4. మా దిక్కున పూడ్చిపెట్టు వారు ఎవరి చేనులో వారు పూడ్చుకొందురు. చేను లేనివారు ఉన్నవారిని బ్రతిమాలుకొని గట్టున పెట్టుకొందురు. ఊరికని వేరే శ్మశానము ఏనాడూ లేదు. కదిరమ్మకు సెంటు భూమి లేదు. అందుచేత ఉత్తరపు గోలు వెనుక, ఆటకు అడ్డము రాకుండా వానిని పెట్టినాము. ప్రతి ఆటకు ముందు బంతిని ఆ సమాధి మీద ఒక్క నిమిషము ఉంచి తీసుకొందుము. ప్రతి మే నెల పద్నాలుగున వచ్చిన జనానికి కదిరమ్మ బొరుగులతో ఉగ్గాని చేసి పెట్టును. ఇరవై ఊర్ల వారు వచ్చి తిని, ఏడ్చి పోవుదురు.

5. గత సంవత్సరము ఆ బయలులో సర్కారు వారు గోదాము కట్టెదరని తెలిసి భయపడినాము. మా ఊరి పెద్ద నాగన్న అందరిని కూర్చోబెట్టి, "ఏమప్పా, గుడి అని రాస్తే కమిటీ యాడ అంటారు, బడి అని రాస్తే అయివారు యాడ అంటారు. శ్మశానమని రాయండి. పీనుగుల జోలికి ఏ ఆఫీసరూ రాడు" అన్నాడు. అది మాకు గొప్ప తెలివిగా తోచినది. నా చేతివ్రాత గుండ్రముగా ఉండునని నాతోనే వ్రాయించినారు. తాతముత్తాతల నాటి నుండి మా పూర్వీకులందరు అక్కడే విశ్రమించుచున్నారని వ్రాసినాను. రెండు వందల పన్నెండు మంది సంతకములు, వేలిముద్రలు పెట్టినారు.

వీఆర్వో గారు విచారణకు వచ్చుచున్నారని తెలిసి, సమాధులు చూపవలెను గనుక, ఆ ఉదయమే రాళ్ళు మోసి పదకొండు గుట్టలు పేర్చినాము. అలవాటు చొప్పున జట్టు నిలబడు వరుసలోనే పేర్చినాము. గోలు ముందు ఒకటి, దాని ముందు నాలుగు, మధ్యలో నాలుగు, పైన రెండు. వీఆర్వో గారు ఒక్కొక్క గుట్ట దగ్గర నిలిచి ఎవరిదని అడిగినారు. ఒక దానికి మా నాయన పేరు చెప్పినాను. మా నాయన బ్రతికే ఉన్నాడు. పక్కనే నిలబడి, అవునని తల ఊపినాడు. తిప్పేష్‌తో కలిపి పన్నెండు అని వారు పుస్తకములో వ్రాసుకొన్నారు.

6. త్రాగునీటి కొళాయి కొరకు మేము ఇచ్చిన అర్జీకి ఆరేండ్లుగా జవాబు లేదు. ఈ అబద్ధమునకు మాత్రము పంతొమ్మిది దినములలో ఆర్డరు వచ్చినది. గోలు కొయ్యలు పెరికి పంచాయతీ ఆఫీసులో వేసినారు. "శ్మశానవాటిక. ఆటలు నిషేధము" అని బోర్డు పాతినారు. బంతి పట్టుకొని పోయిన పిల్లలను తరిమినారు.

అంతటితో ఆగలేదు. మా దిగువన ఉన్న పల్లె నుండి, చేను చెక్క లేని కూలివారు ఆంజినప్ప అను వృద్ధుని పాడె మోసుకొని వచ్చి, బయలు నడిమధ్యన తవ్వసాగినారు. మేము పోయి అడ్డము పడినాము. ఆయన కోడలు మల్లీశ్వరి నన్ను పట్టుకొని, "మీ ఆటగానికి చోటుండాది, మా మామకు ల్యాదా? బోర్డు మీరే పెట్టించుకున్నారు కదప్పా, చదువు" అన్నది. నేను చదవలేదు. వారు పాడె ఎత్తుకొని పెన్న ఇసుకలోనికి పోయినారు. చేసినది పాపమని నాకు తెలియును, అది వేరుగా ఒప్పుకొనుచున్నాను.

7. తరువాత మేము తమ ఆఫీసుకు వచ్చి ఉన్నది ఉన్నట్లు చెప్పినాము. తమరు నవ్వలేదు, కోప్పడలేదు. "ఒక్క శవమున్నా అది శ్మశానమే. శవాన్ని తీసేస్తే బయలని రాస్తాను. ఏదో ఒకటి తేల్చుకోండి" అన్నారు. పదిహేను దినములలో తీయనియెడల చుట్టు గోడ పని మొదలగునని కాగితము కూడా అందినది. నేటికి పన్నెండు దినములు గడిచినవి. ఈ సంగతి కదిరమ్మకు చెప్పుటకు నాకు నోరు రాలేదు. మూడు మారులు ఆమె వాకిలి దాకా పోయి, గొర్రెలెట్లుండాయని అడిగి తిరిగి వచ్చినాను.

8. కావున మా మనవి. ఆ పదకొండు గుట్టలు తవ్వించి చూడండి, రాళ్ళు తప్ప ఏమియు ఉండవు. తిప్పేష్‌ను పెట్టిన ఆరడుగులను మినహాయించి తక్కినది బయలని వ్రాయించండి. అబద్ధపు అర్జీ వ్రాసినందుకు నా ఒక్కని మీదనే కేసు పెట్టండి, జైలుకు పోయెదను. వేలిముద్ర వేసినవారికి నేను ఏమి వ్రాసినానో తెలియదు. తిప్పేష్‌ను మాత్రము తవ్వించవద్దు. ఒకసారి నా మాట విని లేచి పోయినాడు, మరల వానిని లేపుట నా వలన కాదు.

దయతో చిత్తగించి, మూడు దినములు గడువక మునుపే ఉత్తరువు దయచేయవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
పుల్లన్న, దర్జీ

తా.క.: అయ్యా, పైదంతా నిన్న రాసినా. ఈ పొద్దు తెచ్చి ఇద్దామని బయలుదేరుతాంటే పిల్లోళ్ళు పరిగెత్తుకుంటా వచ్చినారు. ఎవరు చెప్పినారో ఏమో, కదిరక్క గడ్డపార తీసుకుని బయల్లోకి పోయిందంట. నేను పోయేసరికి మోకాలి లోతు తవ్వేసింది.

"అక్కా, ఆగక్కా. అర్జీ రాసినా, సారు చూస్తాడు" అన్నా.

"నీ అర్జీలు చాలు పుల్లన్నా. వాడు ఈడ పండుకున్నందుకు పిల్లోళ్ళ ఆట నిల్చిపోయిందంట కదా. నాకు యాల చెప్పల్యా? వాడు బతికుంటే ఒప్పుకుంటాడా? పట్టు, నువ్వూ తవ్వు."

తవ్వినా సార్. జట్టంతా వచ్చింది. గుంత అడుగుకు పోయినాక గడ్డపార పారేసి చేతుల్తో తీసినాం. కాళ్ళ మేజోళ్ళు చెడిపోల్యా, అట్లే ఉండాయి. కదిరక్క తన చీరలో మూట కట్టుకుంది.

యాడ పెట్టల్లని ఊరంతా తిరిగినాం. చేను ఉన్న ప్రతి ఒక్కరూ ఒకే మాట అన్నారు, "మీకు శ్మశానముండాది కదప్పా, బోర్డు కూడా ఉండాది" అని. పెన్నలో పెడదామంటే ఇసుక ట్రాక్టర్లు తోడి పారేస్తాయి. మధ్యాహ్నం దాకా చూసి కదిరక్క మూట ఎత్తుకుని ఇంటికి పోయింది. నేను వెనకాల్నే పోయి, ఇయ్యక్కా, యాడో ఒకచోట చూస్తామని చెయ్యి చాపినా.

"యాడా వద్దు. పుట్టినప్పటి నుంచి ఆట ఆట అని ఒక్క పూట ఇంట్లో ఉన్నోడు కాదు. ఇప్పుడన్నా ఉండనీ" అని తలుపు వేసుకుంది.

బయలు ఖాళీ అయింది సార్, వచ్చి చూసుకోండి. పిల్లోళ్ళు కొయ్యలు పాతుకుంటామంటాండారు. ఇంక నేను అడిగేది బయలు కాదు. ఈ ఊర్లో భూమి లేనోడు చచ్చిపోతే యాడ పెట్టల్లనో ఒక ముక్క రాసి ఇయ్యండి. ఆ కాగితం చేతిలో ఉంటే గానీ కదిరక్క తలుపు తట్టే మొగం నాకు ల్యాదు.