నల్లమల అంటే ఏంది

కోరుట్ల, శుక్రవారం

ఇయ్యాల బడి విడిచినంక గౌండ్ల లచ్చవ్వ అచ్చింది. ఆమె కొడుకు రాజన్న నా దగ్గరనే పది దాక చదివిండు. మొన్న ఎండకాలంల ఇంట్ల ఎవలకూ చెప్పకుంట తుపాకి వట్టిన అన్నలల్ల కలిసిండు.

గేటు కాడనే నిలవడి మెల్లగ అడిగింది. "సారూ, నల్లమల అంటే ఏంది? నా కొడుకు గాడ ఉన్నడట."

"నల్ల అంటే నలుపు, మల అంటే గుట్ట. కృష్ణ ఒడ్డుపొంటి ఉన్న గుట్టల వరుస, అవ్వా," అన్న, తరగతిల పాఠం చెప్పినట్టే.

"మనకాడ గుట్టలు లెవ్వా? గంత దూరం ఎందుకు పోయిండు?"

ఈ మధ్య మా ఊర్ల ఆ పేరు ఎవలూ గట్టిగ అంటలేరు. ఎవలన్న నల్లమల పోయిండంటే ఇగ రాడనే అర్థం. ఆమెకు గా అర్థం తెల్వదు. చెప్పుడు నాతోని కాలే.

"గవి నల్లగ ఎందుకుంటయి సారూ?"

"అడవి దట్టం గదా. దూరంకెల్లి చూస్తే నల్లగనే కనవడ్తయి."

ఆమె మొఖం జర తేటవడ్డది. "గట్లయితే మంచిదే. పోలీసోల్లకు దొరుకడు," అన్నది. కొంగు సదురుకుని, దండం వెట్టి పోయింది.

రేపు ఏడో తరగతికి గుట్టల పాఠం చెప్పాలె. రాజన్న చెల్లె ముందు బెంచిలనే కూసుంటది. పటం మీద కట్టె వెట్టి, ఆ పిల్ల ముంగట ఆ పేరు ఎట్ల పలుకుదునో...