చెక్క తీసిందెవరు

1996 జులై, మంగళవారం రాత్రి. పెరంబూరు.

చొక్కా మీది రక్తం ఎంత ఉతికినా పోలేదు. అందులో బావది ఎంతో, మురుగేశన్‌ది ఎంతో తెలియదు.

పొద్దున షెడ్డులో జనరేటరు లోపల తిరిగే మాగ్నెట్ రోటరును ఎక్కిస్తున్నాం. రోటరుకూ ఇనుప గూడుకూ మధ్య చెక్క పెట్టి, గొలుసుతో మెల్లగా దించాలి. చెక్క లేకపోతే అయస్కాంతం ఒక్కసారిగా గుంజేస్తుంది. గొలుసు నా చేతిలో ఉంది. బావ, తోటి ఫిట్టరు మురుగేశన్ ముందర నిలబడ్డారు. టప్పున శబ్దం, వెంటనే బావ కేక. రోటరును వెనక్కి లాగేసరికి ఆయన రెండు వేళ్లు నలిగి పిండైపోయాయి. చెక్క మురుగేశన్ చేతిలో ఉంది.

నేను ఒక్క మాట కూడా అడగలేదు. స్పానరుతో వాడి మొహం మీద కొట్టాను. కింద పడ్డాక కూడా తన్నాను. ముక్కు విరిగింది.

సాయంత్రం ఆస్పత్రిలో బావ కళ్లు తెరిచి అడిగాడు.

"వాణ్ని ఏంటికి కొట్టినావురా? చెక్క తీసింది నేనే. సరిగ్గా కూర్చోలేదని తీసి వాని చేతికిచ్చినా. వాడు 'వేణాం అన్నా, వేణాం' అని, వద్దు వద్దని అరవంలో మొత్తుకుంటానే ఉండాడు."

మురుగేశన్ అదే వార్డులో చివరి మంచం మీద ఉన్నాడు. దగ్గరికి వెళ్లాను. నన్ను చూడగానే రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.