గోల్‌కీపర్ తండ్రి కెమెరా కష్టాలు

మార్చి 1, గురువారం

నిర్ణయం తీసుకున్నాను. ఈ సీజన్‌లో మా అమ్మాయి ఆడే ప్రతి ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ వెళ్తాను. మ్యాచ్‌కొక్క మంచి ఫోటో తీస్తాను. ఒక్కటి చాలు.

కారణం కూడా రాసి పెట్టుకోవాలి, లేకపోతే రెండో వారానికి మరిచిపోతాను. మా అమ్మాయి పన్నెండేళ్ల లోపు పిల్లల జట్టులో గోల్‌కీపర్. సీజన్ చివర కోచ్ ఒక్కొక్కరి ఫోటో క్లబ్బు గోడకు పెడతాడు. ఫోటోలు తెచ్చేది తల్లిదండ్రులే. బంతి ఎటు పోతే అందరి కెమెరాలూ అటే తిరుగుతాయి, గోల్‌కీపర్ ఎవరికీ గుర్తుండదు. పోయినేడు మా పిల్ల వంతుకు దక్కింది ఒక గోల్‌స్తంభం, దాని పక్కన ఒక మోచెయ్యి. "అది నాదే, మచ్చ చూడండి," అని వచ్చినవాళ్లందరికీ చూపించుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కెమెరా ఉంది. ఆస్పత్రి వార్షికోత్సవం లక్కీడ్రాలో వచ్చింది, చిన్న డిజిటల్ కెమెరా, సబ్బుపెట్టెంత. పైగా ఇరవై ఏళ్లుగా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్నవాణ్ణి. నాకొకరు నేర్పాలా?

నియమాలు:
ఫోన్‌తో తియ్యకూడదు.
తోడల్లుణ్ణి ఫోటోలు అడగకూడదు. (వాళ్లబ్బాయిదీ ఇదే జట్టు. ఆయన కెమెరాకు సొరకాయంత లెన్సు.)
మానకూడదు.

మా ఆవిడకు చదివి వినిపించాను. "మూడోది అన్నిటికంటే ముందు రాసుకోవాల్సింది," అంది.

మార్చి 3, శనివారం

మొదటి మ్యాచ్. వందకు పైగా ఫోటోలు. మెమరీ కార్డులో ఇంకా చాలా పడతాయి. ఉత్సాహం నాది, ఓపిక దానిది.

ఇంటికొచ్చి చూశాం. గడ్డి. గడ్డి. నా వేలు. రిఫరీ చెవిలో పుల్ల తిప్పుకుంటున్న దృశ్యం, చాలా స్పష్టంగా. మా అమ్మాయి ఎగిరి బంతి పట్టినప్పుడు సరిగ్గా నొక్కాను. ఫోటోలో ఖాళీ వల, అంచున ఒక బూటు. నేను నొక్కిన సంగతి ఈ కెమెరాకు వినపడాలి, అది ఆలోచించుకోవాలి, అప్పుడు తీస్తుంది. ఈలోగా పిల్లలు ఎదిగిపోతారు.

తోడల్లుడు భుజం మీద చెయ్యేశాడు. "తమ్ముడూ, సబ్బుపెట్టెతో స్నానం చెయ్యాలి గానీ ఆటలు పడతాయా?"

పడతాయి. చూపిస్తాను.

మార్చి 6, మంగళవారం

పేషెంట్లు లేని వేళ చూసి, కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకం చదివాను. రహస్యం దొరికింది. మీట సగమే నొక్కి పట్టుకోవాలి. పచ్చ దీపం వెలుగుతుంది. అప్పుడు కెమెరా సిద్ధంగా ఉన్నట్టు. పూర్తిగా నొక్కితే ఆలస్యం చెయ్యదు.

సాయంత్రం సాధన. అమ్మాయి సోఫా మీంచి దూకుతుంది, నేను తీస్తాను. చాలాసేపటి తర్వాత ఒకటి కుదిరింది. అమ్మాయి తల నుంచి కాళ్ల దాకా గాల్లో. వెనక మా ఆవిడ నిలబడి ఉంది, ఆమె ముఖం ఇంకా బాగా పడింది. ఆ ఫోటో వెంటనే చెరిపేశాను.

కింద వాటావాళ్లు పైకొచ్చారు. "ఏమీ లేదండీ, నాన్న నేర్చుకుంటున్నాడు," అని అమ్మాయే తలుపు దగ్గర సర్దిచెప్పింది.

మార్చి 10, శనివారం

రాయాలని లేదు. రాస్తున్నాను.

గోల్‌స్తంభానికి కాస్త పక్కగా, గీత అవతల నిలబడ్డాను. పసుపు చొక్కాలో మా అమ్మాయి ఎదురుగా నిండుగా కనిపిస్తోంది. అవతలి జట్టు పొడుగు పిల్లాడు బంతితో దూసుకొస్తున్నాడు. సగం నొక్కాను. పచ్చ దీపం వెలిగింది. అమ్మాయి అటూ ఇటూ ఊగుతోంది. ఇరవై ఏళ్ల అలవాటు, నోరు దానంతటదే అనేసింది.

"కదలకు."

కదల్లేదు. తండ్రి మాట జవదాటని పిల్ల. బంతి ఆమె పక్కనుంచి దర్జాగా నడుచుకుంటూ లోపలికి పోయింది.

అమ్మాయి వెనక్కి తిరిగింది. "కదలకు అన్నావుగా నాన్నా."

ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయారు. కోచ్ నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా అడిగాడు. "సార్, మీరు ఏ జట్టు తరఫున వచ్చారు?"

కారులో అమ్మాయి కిటికీ వైపే చూసింది. ఇల్లు చేరాక గ్లౌజులు విప్పుతూ, "వచ్చే వారం నువ్వు రాకపోయినా పర్లేదు," అంది. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఫోటో మాత్రం అద్భుతంగా వచ్చింది. బంతి కూడా ఉంది. ఎవరికీ చూపించలేను.

మార్చి 11, ఆదివారం

రాజీ కుదిరింది. మధ్యవర్తి మా ఆవిడ. నేను మైదానానికి అవతలి వైపు నిలబడాలి. నోరు విప్పకూడదు. తుమ్ము వచ్చినా ఆపుకోవాలి.

"తుమ్ముకోవచ్చులే," అంది అమ్మాయి చివరికి. కాస్త నవ్వింది కూడా.

మార్చి 17, శనివారం

కెమెరా తీసుకెళ్లాను. బ్యాటరీ తీసుకెళ్లలేదు. అది ఇంట్లో చార్జర్‌లో హాయిగా ఉంది.

ఈ సంగతి మొదటి నిమిషంలోనే తెలిసింది. పక్కనే తోడల్లుడు సొరకాయ ఎక్కుపెట్టి ఉన్నాడు. ఆయన ముందు కెమెరా జేబులో పెట్టుకోవడానికి మనసొప్పలేదు. కాబట్టి ఆట మొత్తం తీశాను. వంగి తీశాను, మోకాలి మీద కూర్చుని తీశాను. మధ్యమధ్యలో తెర చూసుకుని తృప్తిగా తలాడించాను. నల్లటి తెర. అందులో నా ముఖమే కనిపించింది, నాకే నమ్మబుద్ధి కాలేదు.

"ఏవీ, చూపించు," అన్నాడు తోడల్లుడు.

"ఈ ఎండలో ఏం కనిపిస్తాయి అన్నయ్యగారూ? ఇంట్లో టీవీలో పెట్టుకుని చూడాలి."

"అయితే రేపు మధ్యాహ్నం భోజనానికి మీ ఇంటికే వస్తాం."

కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

మార్చి 18, ఆదివారం

వచ్చారు. భోజనం చేశారు. టీవీ ముందు కూర్చున్నారు.

పాత మ్యాచ్ ఫోటోలు పెట్టాను. వేళ్లూ గడ్డీ, అంచున అమ్మాయి చొక్కా చేతులూ మాత్రమే పెట్టి, ఆ అద్భుతమైనదాన్ని దాటేశాను.

తోడల్లుడు ముందుకు వంగాడు. "తమ్ముడూ, నిన్న అమ్మాయి వేసుకున్నది ఎర్ర చొక్కా కదా? ఇది పసుపు."

"ఈ కెమెరాలో రంగు కొంచెం తేడా వస్తుంది."

"గడ్డి పచ్చగానే ఉందే?"

"ఎరుపు ఒక్కటే తేడా వస్తుంది."

మా ఆవిడ పళ్లెం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి దగ్గు వినిపించింది. దగ్గు కాదని ఇంట్లో అందరికీ తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అమ్మాయి మాత్రం నా పక్కకొచ్చి కూర్చుంది.

మార్చి 24, శనివారం

ఆస్పత్రిలో తోటి టెక్నీషియన్‌కు ఇంట్లో పని పడింది. అతని డ్యూటీ నేను చేశాను. అతను అడగలేదు. నేనే బతిమాలి తీసుకున్నాను.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్. గెలిచారట. అమ్మాయి భలే ఆపిందట. "మిమ్మల్ని వెతుక్కుంది," అంది.

సాయంత్రం మూడో నియమం పోయిందని ఒప్పుకున్నాను. రెండోది కూడా పోతే పోనీ అని తోడల్లుడికి ఫోన్ చేశాను. మా అమ్మాయి ఫోటో ఒక్కటుంటే పంపమన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి, "ఎవరితో అనకు తమ్ముడూ," అన్నాడు. "ఈ లెన్సు దగ్గరగా లాగుతుంది, మరీ దగ్గరగా లాగేస్తుంది. మావాడి చెవి పడుతుంది, వాడు పడడు. మీ పిల్లది కాదు కదా, నా కొడుకుది కూడా ఒక్కటి లేదు."

పైన పటారం, లోన లొటారం. ఆయన మీద ఇంత ప్రేమ నాకు ఎప్పుడూ కలగలేదు.

మార్చి 31, శనివారం

ఆఖరి మ్యాచ్. తోడల్లుడితో ఒప్పందం. ఆయన ఆట చూస్తూ "ఇప్పుడు" అంటాడు, నేను నొక్కుతాను. ఆయన కన్ను, నా వేలు.

ఆట ముగుస్తుందనగా వాళ్లకు పెనాల్టీ. అదే పొడుగు పిల్లాడు. పచ్చ దీపం వెలిగింది. నా నోరు మూసి ఉంది. తోడల్లుడు నా చొక్కా పట్టుకున్నాడు. "ఇప్పుడు."

నొక్కాను. మా అమ్మాయి ఎడమకు దూకింది, రెండు చేతులతో బంతిని బయటికి తోసేసింది. మేమిద్దరం కావలించుకున్నాం. తర్వాత తెర చూశాను. కార్డు నిండిందని రాసి ఉంది. లోపలున్నదంతా గడ్డే.

ఆట అయ్యాక అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. "వచ్చిందా నాన్నా?"

రంగు తేడా అని చెప్పడానికి నోరు రాలేదు. "రాలేదమ్మా. తప్పు నాదే. కానీ చూశాను."

ఒక్క క్షణం ముఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత గ్లౌజులు మళ్లీ తొడుక్కుని, అవతలి జట్టు పిల్లాణ్ణి కేకేసింది. "ఇంకోసారి కొడతావా? మా నాన్నకు రాలేదు."

వాడు కొట్టాడు. ఆ తర్వాత రెండు జట్ల పిల్లలూ వరస కట్టి కొట్టారు. నేను గడ్డిని చెరిపేస్తూ తీశాను. ఆమె నవ్వుతూ దూకింది. ఒక్కటీ ఆపలేదు.

ఏప్రిల్ 8, ఆదివారం

క్లబ్బు గోడ. తోడల్లుడి కొడుకు వంతుకు చెవి వచ్చింది, వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

మా అమ్మాయి వంతుకు అమ్మాయే వచ్చింది. నేల తాకకుండా, అడ్డంగా, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. ఆమె వెనక, వల లోపల, బంతి.

"గోలు పడిపోయింది కదమ్మా," అన్నాడొక పెద్దాయన.

"బంతిని ఎందుకు చూస్తారండీ? నన్ను చూడండి," అంది.

ఇంటికొస్తూ ఒక కబురు చెప్పింది. ఎండాకాలం ఫుట్‌బాల్ లేదు కాబట్టి ఈత పోటీలకు పేరిచ్చిందట. మొదటి పోటీ వచ్చే శనివారం.

నిర్ణయం తీసుకున్నాను. ప్రతి పోటీకీ వెళ్తాను. పోటీకొక్క మంచి ఫోటో. బ్యాటరీ రాత్రే వేసి పెడతాను. కార్డు ఖాళీ చేశాను. మా ఆవిడకు చదివి వినిపిస్తే, "కెమెరా నీళ్లలో పడేసుకోకండి, అది చాలు," అంది.

ఈసారి తిరుగులేదు. ఈతలో పిల్లలందరికీ ఒకటే టోపీ, ఒకటే కళ్లద్దాలు. ఎవరి ఫోటో బాగా వస్తే అదే మా అమ్మాయి.