పద్నాలుగో పేరు

2 ఫిబ్రవరి 2025, మిర్యాలగూడ
అన్న ఐలన్న ఫోన్ చేశాడు. తన కూతురు ప్రత్యూష సంబంధం ఆగింది. కోదాడ వాళ్లకు పిల్ల నచ్చింది, ఉద్యోగం నచ్చింది, పళ్లు నచ్చలేదు. రేపు మా మనవళ్లకూ ఆ గారపళ్లే వస్తాయి కదండీ అన్నదట పెళ్లికొడుకు తల్లి స్వర్ణ. ప్రత్యూష అప్పటినుంచి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మాట్లాడుతోందట.
అది వంశం కాదు. బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్. రుజువు చేయాలి.

5 ఫిబ్రవరి
చదివినది: ముందుపళ్లకు ఆ మచ్చ పడేది మొదటి మూడు నాలుగేళ్లలోనే. తర్వాత ఎంత తాగినా పడదు.

9 ఫిబ్రవరి, సూర్యాపేట దగ్గర, మా ఊరు
మా వంశంలో ఇరవై ఆరుగురి జాబితా. పుట్టిన ఏడు, చిన్నప్పటి నీళ్లు, పళ్లు. బోరింగుకు ముందు పుట్టిన అమ్మ: తెలుపు. అన్న, ప్రత్యూష: గార. కృష్ణా నీళ్లు వచ్చాక పుట్టిన ఆమె తమ్ముడు పవన్: తెలుపు. ఒకే తల్లి, ఒకే తండ్రి.
సంతల గొర్రెకు పండ్లు సూసినట్టు సూస్తున్నవ్ మరిదీ, ఎంతకు కొంటవ్ అని వదిన సత్తెమ్మ నవ్వింది.

సాయంత్రం 6
ఒక పేరు పొసగడం లేదు. పద్నాలుగు: నేను. 1980, అదే ఇల్లు, అదే బోరింగు. తెలుపు.

10 ఫిబ్రవరి
అమ్మను అడిగాను. చాటలోని బియ్యం పూర్తిగా ఏరింది. తర్వాత చెప్పింది. గొర్ల మందతోటి హాలియా కాలువ కిందికి పోయినప్పుడు దొరికినవ్ బిడ్డా, కూలికొచ్చిన మీ అమ్మ జరమొచ్చి సచ్చిపాయె, నీకు నాలుగేండ్లు, ఎవ్వలు రాలే.
తవుడు పోసి కొన్నరు నిన్ను అని అన్న చిన్నప్పుడు ఒకసారి ఏడిపించాడు. ఇంటింటా ఆడే పరాచికమే. అమ్మ వాణ్ని కర్రతో కొట్టింది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

11 ఫిబ్రవరి
మొదటి నాలుగేళ్లు నేను తాగిన నీళ్లు వేరు, రక్తమూ వేరు. వంశం జాబితాలో నేను ఉండకూడదు. పద్నాలుగో పేరు కొట్టేశాను.

16 ఫిబ్రవరి, కోదాడ
స్వర్ణగారు జాబితాలో పవన్ పేరున్న వరుస రెండుసార్లు చదివారు. తర్వాత వేలు పెట్టి, ఈ కొట్టేసిన పేరు ఎవరిదండీ అన్నారు. నాదే అన్నాను. నేను వీళ్లకు పుట్టలేదు, నాలుగేళ్లకు హాలియా నుంచి వచ్చాను అన్నాను. అన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. పెళ్లికొడుకు మహేశ్వర్, ఇంక చాల్లే అమ్మా అన్నాడు. వచ్చే ఆదివారం ముహూర్తం మాట్లాడటానికి వస్తారు.
తిరుగు బస్సులో అన్న ఆ కాగితం అడిగి తీసుకున్నాడు.

18 ఫిబ్రవరి
కాగితం తిరిగి పంపాడు. కొట్టేసిన గీత కింద మళ్లీ నా పేరు, అన్న రాతలో. నీళ్లు: బోరింగు.
తప్పు. దిద్దలేదు.