పెదనాయన కుడికాలు

నాయనా,

పెదనాయనకూ నీలాగే పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. పడిపోయిన కాలికి పని చెబితేనే నడక తిరిగొస్తుందని పెద్ద డాక్టర్లు తేల్చారట. కర్నూలు డాక్టరు ఆ మాట చెప్పగానే పెదనాయన నీ మగ్గం గుంతలోకి దిగి, రోజూ కాలికింది చెక్కలు తొక్కాడు.

"నన్ను గుంతలో కూచోబెట్టండి, తొక్కి చూస్తా" అని నువ్వు బతిమాలితే, "కాలు కదిలిస్తే వాతం పైకెక్కుతాది" అని నిన్ను మంచానికి కట్టించింది ఈయనే. ఆ మంచం మీదే పోయావు.

రేపు నీ సంవత్సరీకం. భోజనాలకు పిలవడానికి ఇల్లిల్లూ తానే నడిచి తిరిగొచ్చాడు.

"శానా తిరిగినా పాపా, కాళ్లు నొస్తాండాయి. రోంత నూనె రాయి" అన్నాడు.

ఎడమకాలికి మాత్రమే రాసి, లేచి చేతులు కడుక్కున్నాను.